ఇంటర్ ఫిజిక్స్‌కి ఏ పుస్తకం కొనాలి? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో కాలు పెట్టే చోటుండదు. ఒకపక్క పిల్లలు, ఇంకోపక్క పర్సు పట్టుకున్న నాన్నలు, మధ్యలో "ఫిజిక్స్‌కి మంచిది ఏదుందండీ?" అన్న ప్రశ్న. షాపువాళ్లు ఆ ఏడాది ఎక్కువగా అమ్ముడవుతున్నది తీసి చేతిలో పెడతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు అమ్మేది పుస్తకం, చెప్పేది పాఠం కాదు. చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను కాబట్టి ఆ ప్రశ్న చివరికి నా దగ్గరికే వచ్చేది. నన్ను అడిగినవి, నేను చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎన్ని పుస్తకాలు కావాలి?

మూడు. పాఠం అర్థం చేసుకోవడానికి ఒకటి, లెక్కలు చేయడానికి ఒకటి, మీరు రాయబోయే పరీక్ష పాత ప్రశ్నపత్రాలది ఒకటి. నాలుగోది కొనాలనిపిస్తే ముందు ఈ మూడింట్లో ఎన్ని చాప్టర్లు పూర్తయ్యాయో లెక్కపెట్టుకోండి. ఎనిమిది పుస్తకాలు కొని ఎనిమిదింటిలోనూ మొదటి రెండు చాప్టర్లే నలిగిపోయిన ఇళ్లు చాలా చూశాను. వెక్టర్స్ వరకు వచ్చిన పేజీలు మాసిపోయి ఉంటాయి. భ్రమణ చలనం దగ్గరికొచ్చేసరికి కాగితం తళతళలాడుతూ ఉంటుంది.

కాలేజీలో బండెడు మెటీరియల్ ఇచ్చారు. మళ్లీ పుస్తకం ఎందుకు?

మెటీరియల్ చెడ్డదని అనను. ఫార్ములాలన్నీ ఒకచోట ఉంటాయి, బిట్లు బోలెడు ఉంటాయి, వారాంతపు టెస్టుకు అదే దిక్కు. కానీ అది పాఠం విన్నవాడి కోసం తయారైనది. పాఠం రోజున జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్న పిల్లాడు దాన్ని తెరిస్తే ఏమీ అందదు. ఫార్ములా ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్న మూడు సంగతులూ సాధారణంగా అందులో ఉండవు.

ప్రక్షేపకం వ్యాప్తి సూత్రమే చూడండి, అంటే విసిరిన వస్తువు ఎంత దూరంలో పడుతుందో చెప్పేది. వేగం వర్గాన్ని రెండు రెట్ల కోణం సైన్‌తో గుణించి, గురుత్వ త్వరణంతో భాగించాలి. పిల్లలందరికీ నోటికి వచ్చు. కైలాసగిరి కొండ అంచున నిలబడి కిందికి రాయి విసిరితే ఎంత దూరంలో పడుతుందని అడగండి, సగం మంది ఆ సూత్రంలోనే అంకెలు వేస్తారు. రాయి బయలుదేరిన ఎత్తూ, పడిన ఎత్తూ ఒకటైతేనే ఆ సూత్రం నిజం. ఆ షరతును మంచి పుస్తకం చెప్తుంది. మెటీరియల్‌లో సూత్రం చుట్టూ డబ్బా గీసి వదిలేస్తారు.

ఎన్‌సీఈఆర్‌టీ ఒక్కటి చాలదా?

పాఠానికి చాలు. లెక్కలకు చాలదు.

మన ఇంటర్ బోర్డు కూడా 2025-26 నుంచి మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చింది. దాంతో ఇంటర్‌కి ఒకటి, జేఈఈకి ఒకటి, నీట్‌కి ఒకటి అని వేరువేరు పాఠ్యపుస్తకాలు చదివే బాధ చాలావరకు తగ్గింది. పదకొండో తరగతి పుస్తకం రెండు భాగాలు, మొత్తం 14 అధ్యాయాలు. పన్నెండోది కూడా రెండు భాగాలు, 14 అధ్యాయాలే. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. షాపులో కొన్నా మిగతా పుస్తకాలతో పోలిస్తే ధర తక్కువే. కొనేటప్పుడు ఒక పేజీని వెలుతురుకు ఎత్తి చూడండి, అసలు ప్రతిలో ఎన్‌సీఈఆర్‌టీ వాటర్‌మార్క్ కనిపిస్తుంది.

ఈ పుస్తకంతో చిక్కేమిటంటే ఇది పొదుపుగా మాట్లాడుతుంది. ఒక వాక్యంలో రెండు విషయాలు ఇరికించి ముందుకు వెళ్లిపోతుంది. కాబట్టి కథలా చదవకూడదు, పెన్సిల్ పట్టుకుని చదవాలి. ద్రవాల అధ్యాయంలో లోతుతోపాటు పీడనం పెరుగుతుందని ఒక సమీకరణం ఇస్తుంది. అక్కడ ఆగి, సముద్రపు నీటి సాంద్రత వేసి మీరే లెక్క కట్టండి. ప్రతి 10 మీటర్ల లోతుకీ దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుందని తేలుతుంది. ఆ తర్వాత ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి దాని ఉక్కు చట్రాన్ని చూస్తే, గోడ అంత మందం ఎందుకో, ఆకారం గుండ్రంగా ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లదే ఎగ్జెంప్లార్ అని ఇంకో పుస్తకం ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులున్న ప్రశ్నలు అందులో ఉంటాయి. పాఠం వచ్చిందనుకునే పిల్లాడికి నిజంగా వచ్చిందో లేదో అవే చెప్తాయి.

హెచ్.సి. వర్మ పుస్తకం అందరూ కొంటున్నారు. మేమూ కొనాలా?

జేఈఈ అయితే కొనండి. నీట్‌కి మంచిదే గానీ అంతా చేయక్కర్లేదు. ఇంటర్, ఈఏపీసెట్ మాత్రమే అయితే మీ ఇష్టం.

1992లో మొదటిసారి వచ్చిన ఈ పుస్తకం ఇన్నేళ్లయినా నిలబడిందంటే కారణం ఉంది. ప్రతి చాప్టర్ చివర ముందు చిన్న ఆలోచన ప్రశ్నలు, తర్వాత రెండు రకాల ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, ఆ తర్వాత లెక్కలు ఉంటాయి. మన పిల్లలు నేరుగా లెక్కల మీద పడతారు. ఆ చిన్న ప్రశ్నల్ని ఎవరూ ముట్టుకోరు, నన్నడిగితే పుస్తకంలో అసలు సారం వాటిలోనే ఉంది.

కొనేముందు ఒక సంగతి తెలుసుకోండి. ఇందులో మొదటి భాగం అంటే ఫస్టియర్, రెండో భాగం అంటే సెకండియర్ కాదు. కాంతి పాఠాలు మొదటి భాగంలో ఉన్నాయి, అవి మనకు సెకండియర్‌లో వస్తాయి. ఉష్ణం రెండో భాగంలో 23వ చాప్టర్ నుంచి మొదలవుతుంది, అది మనకు ఫస్టియర్. "ఇప్పుడు ఒక భాగం చాల్లే, రెండోది వచ్చే ఏడాది చూద్దాం" అనుకున్న వాళ్లు డిసెంబరులో మళ్లీ షాపుకు పరిగెత్తాల్సి వస్తుంది. మొదటి భాగం చివర్లో కాంతి వేగం కొలవడం, ఫోటోమెట్రీ చాప్టర్లు ఉన్నాయి. పరీక్షల కోసమే అయితే వాటిని వదిలేయొచ్చు.

షాపులో నిలబడి పుస్తకం మంచిదో కాదో తెలుసుకోవడం ఎలా?

దీనికి పది నిమిషాలు చాలు. అట్ట చూడకండి, వెనక అట్ట మీది ర్యాంకర్ల ఫొటోలు అసలే చూడకండి. నేరుగా ఘర్షణ చాప్టర్ తెరవండి.

నేల మీద 10 కిలోల పెట్టె ఉంది. ఘర్షణ గుణకం 0.4, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. పెట్టెను 20 న్యూటన్ల బలంతో అడ్డంగా తోస్తే ఘర్షణ ఎంత? నాసిరకం గైడు గుణకాన్ని బరువుతో గుణించి 40 న్యూటన్లు అని తేల్చేస్తుంది. ఒక్క క్షణం ఆలోచించండి. మనం 20తో ముందుకు తోస్తుంటే ఘర్షణ 40తో వెనక్కి నెడితే, పెట్టె కదిలి వచ్చి మన కాళ్లకే తగలాలి! నిజానికి 40 అనేది ఘర్షణ చేరగల గరిష్ఠ హద్దు. పెట్టె కదలనంతసేపూ ఘర్షణ మనం తోసినంతే ఉంటుంది, అంటే 20 న్యూటన్లు. ఈ "గరిష్ఠ" అన్న మాటను పుస్తకం ఎంత గట్టిగా చెప్తోందో, దాని మీద ఒక ఉదాహరణైనా ఇచ్చిందో లేదో చూడండి. ఆ ఒక్క మాట మింగేసిన పుస్తకం మిగతా చోట్ల కూడా మింగేస్తుంది.

తర్వాత చేసి చూపించిన లెక్కలు చూడండి. బలాల లెక్కకు బొమ్మ గీశారా? ఆ బొమ్మలో ఏ బలం ఏ వస్తువు మీద పనిచేస్తోందో విడిగా చూపించారా? బొమ్మ లేకుండా మొదటి లైనులోనే సమీకరణం రాసేసిన పుస్తకాన్ని పక్కన పెట్టండి. దాన్ని చూసి నేర్చుకున్న పిల్లాడు పరీక్షలో లెక్క కాస్త వంకర తిరగగానే చేతులెత్తేస్తాడు.

మూడోది, లెక్కల వరస. మొదటి ఐదు లెక్కలు సులువుగా, తర్వాతివి ఒక్కో మెట్టు పెరుగుతూ ఉండాలి. మొదటి లెక్కే కొండలా ఉంటే పిల్లాడు మరుసటి రోజు ఆ పుస్తకం తెరవడు. చివరి లెక్క కూడా మొదటిదాని లాగే అంకెలు మార్చినదైతే అది లెక్కల పుస్తకం కాదు, చేతిరాత ప్రాక్టీసు.

వెనకున్న జవాబులు కూడా చూడండి. మీకు బాగా వచ్చిన చాప్టర్‌లో రెండు లెక్కలు చేసి సరిచూసుకోండి. రెండింట్లో ఒకటి తప్పుంటే వదిలేయండి. తప్పు జవాబు కోసం రాత్రి పన్నెండింటి దాకా కొట్టుకునే పిల్లాడికి నమ్మకం పోయేది పుస్తకం మీద కాదు, తన మీద తనకి.

ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్ అన్నింటికీ ఒకే పుస్తకం సరిపోతుందా?

పాఠం పుస్తకం ఒకటే. లెక్కల పుస్తకం, పాత పేపర్ల పుస్తకం వేరుగా ఉండాలి. ఎందుకో గడియారం చూస్తే తెలుస్తుంది.

ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, వాటిలో ఫిజిక్స్ 40. ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు, అంతే. తప్పు రాస్తే మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు, ఫిజిక్స్‌వి 25. అందులో 20కి ఆప్షన్లుంటాయి, 5కి జవాబుగా అంకె రాయాలి. సగటున ప్రశ్నకు రెండు నిమిషాల 24 సెకన్లు. తప్పుకు ఒక మార్కు పోతుంది. నీట్‌లో 2025 నుంచి 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, ఫిజిక్స్ 45. బయాలజీని త్వరగా ముగించి ఫిజిక్స్‌కి టైమ్ మిగుల్చుకోవడమే అక్కడ ఆట.

కాబట్టి ఈఏపీసెట్‌కి తయారయ్యే వాళ్లు ఒక్కో లెక్కకు పావుగంట పట్టే పుస్తకంతోనే కూర్చుంటే చేతికి వేగం రాదు. జేఈఈ వాళ్లు ఒక లైను బిట్లు మాత్రమే చేస్తే రెండు మూడు చాప్టర్లు కలిపి అడిగినప్పుడు బిత్తరపోతారు. మా అబ్బాయి అన్నీ రాస్తాడండీ అంటారా? అయితే కష్టమైన దానికి తయారవుతూ, ఈఏపీసెట్‌కి ముందు కొన్ని వారాలు గడియారం ఎదురుగా పెట్టుకుని దాని పాత పేపర్లు చేయమనండి. దీన్ని తిరగేసి చేస్తే మాత్రం కుదరదు.

మా అమ్మాయి బైపీసీ. లెక్కలంటే భయం. సులువైన పుస్తకం ఉందా?

ఈ ప్రశ్న అడిగే ప్రతి తల్లికీ ఒకటే చెప్తాను. మీ అమ్మాయికి సులువైన ఫిజిక్స్ పుస్తకం అవసరం లేదు, ఓ రెండు వారాలపాటు లెక్కలు కావాలి. వెక్టర్లను విడదీయడం, సైన్, కాస్‌ల విలువలు, గ్రాఫ్ వాలు, ఘాతాంకాలు, డెరివేటివ్ అంటే మార్పు రేటు అన్న ఊహ, చిన్నచిన్న ఇంటిగ్రల్స్. బైపీసీలో ఇవి ఎవరూ విడిగా చెప్పరు, ఫిజిక్స్ క్లాసులో మాత్రం వచ్చేసినట్టే వాడేస్తారు. పిల్ల భయపడుతున్నది ఫిజిక్స్‌ని చూసి కాదు.

హెచ్.సి. వర్మలో రెండో చాప్టర్ అంతా ఈ లెక్కల గురించే. అది చాలు. ఎదురింట్లో ఎంపీసీ చదివే వాళ్లుంటే ఓ నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పమని అడగండి, ఇంకా మంచిది.

తెలుగు మీడియంలో చదివాం. మాకు ఏ పుస్తకం?

తెలుగు అకాడమీ పుస్తకంతో మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. జడత్వ భ్రామకం, ద్రవ్యవేగం, తలతన్యత, వ్యతికరణం లాంటి మాటలు విన్నప్పుడు బరువుగా ఉన్నా, విడదీస్తే అర్థం వాటిలోనే కనిపిస్తుంది. ద్రవ్యరాశి, వేగం కలిస్తే ద్రవ్యవేగం. మొమెంటమ్ అన్న మాటలో మనకు ఆ ఆధారం దొరకదు. తాడులో తన్యత అంటే వెంటనే తెలిసే పిల్లలే, టెన్షన్ అనగానే నాకూ ఉంది సార్ అని నవ్వుతారు.

జేఈఈ మెయిన్, నీట్ రెండూ తెలుగులో రాయొచ్చు. కాకపోతే తెలుగు ప్రశ్నలో అనుమానం వస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు, అందుకని పక్కనున్న ఇంగ్లిష్ వాక్యం కూడా చదవడం అలవాటు చేసుకోండి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఉంటుంది. అటు వెళ్లాలనుకునే వాళ్లు మొదటి ఏడాదే ఇంగ్లిష్ లెక్కల పుస్తకం పక్కన పెట్టుకోవాలి. ఒక నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లిష్ మాట రాసుకుంటూ పోతే దసరాకల్లా భాష గొడవ తీరిపోతుంది.

సీనియర్ల దగ్గర పాత పుస్తకాలు తీసుకోవచ్చా?

నిరభ్యంతరంగా. న్యూటన్ నియమాలు ఏటా మారవు. కొన్ని మాత్రం చూసుకోవాలి.

కిలోగ్రామ్ నిర్వచనం తీయండి. ప్లాటినం-ఇరిడియం స్తూపం ద్రవ్యరాశే కిలోగ్రామ్ అని ఉంటే అది 2019 మే 20కి ముందటి నిర్వచనం. ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా చెప్తారు. అంతమాత్రాన పుస్తకం పనికిరాదని కాదు, ఆ పేజీ దిద్దుకుంటే చాలు. సిలబస్ మారిన చోట్లు ఇంకా ముఖ్యం. కమ్యూనికేషన్ సిస్టమ్స్ అధ్యాయాన్ని, పొటెన్షియోమీటర్‌ను, డాప్లర్ ప్రభావాన్ని ఎన్‌సీఈఆర్‌టీ తీసేసింది. పాత పుస్తకంలో అవన్నీ ఉంటాయి. అలాగని ఎన్‌సీఈఆర్‌టీ తీసేసిందని అన్నీ వదిలేయకండి, ధ్వనిలో డాప్లర్ ప్రభావం అడ్వాన్స్‌డ్ సిలబస్‌లో ఉంది. ఆ ఏడాది పరీక్ష నోటిఫికేషన్‌తోపాటు ఇచ్చే సిలబస్‌ను ప్రింట్ తీసి పుస్తకం మొదటి పేజీకి అతికించుకోండి.

ఇంకోటి, మన ఊరి గాలి. సముద్రం పక్కన ఉంటాం కాబట్టి పుస్తకాలకు తేమ పట్టి, అట్టలు వంకర తిరుగుతాయి. 2014లో హుద్‌హుద్ తుపాను రోజు మా ఇంట్లో కింది అరలోని పుస్తకాలన్నీ నానిపోయాయి. ఆరబెట్టిన వాటిలో ఇప్పటికీ బాగా తెరుచుకునేది కుట్టు బైండింగ్ ఉన్నదే. జిగురు బైండింగ్‌వి పేజీలుగా విడిపోయాయి. పాత పుస్తకం కొనేటప్పుడు వెన్ను చూడండి.

రష్యన్ పుస్తకాలు చేస్తేనే ఐఐటీ వస్తుందంటారు, నిజమేనా?

ఇరొడోవ్ లెక్కల పుస్తకం గురించే అడుగుతున్నారు, తెలుసు. గొప్ప పుస్తకం, కానీ అది రాసింది జేఈఈ కోసం కాదు. పైన చెప్పిన ఎన్‌సీఈఆర్‌టీ, వర్మ పుస్తకాలు రెండూ పూర్తి చేసి, ఇంకా ఆకలి తీరనివాళ్లు ముట్టుకోవాలి. బల్ల మీద కనిపించేలా పెట్టుకోవడానికైతే చాలా అందంగా ఉంటుంది.

సొల్యూషన్స్ పుస్తకం కొనివ్వచ్చా?

కొనివ్వండి, కానీ బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. లెక్కతో అరగంట కుస్తీ పట్టి, బొమ్మ గీసి, ఎక్కడ ఆగిపోయాడో ఒక వాక్యంలో రాసిన తర్వాతే ఇవ్వండి. అప్పుడు కూడా ఆగిన లైను దాటేవరకు చూసి మూసేయమనాలి. యూట్యూబ్ సొల్యూషన్లకూ ఇదే వర్తిస్తుంది, దానికి తాళం వేయడం మాత్రం కష్టం.

ఫిజిక్స్‌లో ఒకలా, కెమిస్ట్రీలో ఇంకోలా ఉంది. ఏ పుస్తకం తప్పు?

ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమం గురించేనా? రెండూ సరైనవే. ఫిజిక్స్ పుస్తకంలో వ్యవస్థ చేసిన పనిని ధనాత్మకంగా తీసుకుంటారు. కెమిస్ట్రీలో వ్యవస్థ మీద జరిగిన పనిని ధనాత్మకంగా తీసుకుంటారు. గుర్తు మారుతుంది, ప్రకృతి మారదు. ఈ సంగతి ఒక్క లైనులోనైనా చెప్పిన పుస్తకం కనిపిస్తే వెంటనే కొనేయండి, రాసినాయన క్లాసులో పిల్లల ముఖాలు చూసినవాడన్నమాట.

ప్రాక్టికల్స్ పుస్తకం అవసరమా? వాటికి మార్కులు ఎలాగూ వేసేస్తారు కదా?

అలా అనుకునే వాళ్లకే జేఈఈ మెయిన్‌లో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూ గేజ్ మీద ప్రశ్న వస్తే చెమటలు పడతాయి. ప్రయోగ నైపుణ్యాలు అన్న యూనిట్ జేఈఈ మెయిన్ సిలబస్‌లోనూ ఉంది, నీట్‌లోనూ ఉంది. రికార్డు రాసిన రోజునే శూన్య దోషం (ఏమీ కొలవకముందే పరికరం చూపే తేడా) గుర్తు ఎటు వేయాలో నేర్చుకుంటే సరిపోతుంది, వేరే పుస్తకం కొనక్కర్లేదు.

డబ్బు పెట్టలేం. ఉచితంగా చదువుకునే దారి ఉందా?

ఎన్‌సీఈఆర్‌టీ, ఎగ్జెంప్లార్ రెండూ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షల పిల్లలు అక్కడ కూర్చుని చదువుకుంటారు. ఇంట్లో టీవీ మోత భరించలేని వాళ్లకు పుస్తకం కంటే ఆ కుర్చీయే ఎక్కువ మేలు చేస్తుంది. కొనాల్సిందల్లా పాత పేపర్ల పుస్తకం, అది కూడా ఇద్దరు స్నేహితులు కలిసి కొనుక్కోవచ్చు.

మాటలో మాట, సి.వి. రామన్ బాల్యం గడిచింది మన ఊళ్లోనే. ఆయన నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. రామన్ చదివింది పాతబస్తీలోని సెయింట్ అలోషియస్ స్కూల్లో. ఇంట్లో నాన్న పుస్తకాలుండటం ఎంత అదృష్టమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

మధ్యలో పుస్తకం మార్చొచ్చా?

ఒక చాప్టర్ మొత్తం నిజాయతీగా చేసి చూశాక, ఇంకా అర్థం కావడం లేదంటే మార్చండి. పక్కింటి పిల్లాడు వేరే పుస్తకం చదువుతున్నాడని మార్చకండి. జనవరి దాటాక అసలు మార్చొద్దు.

పుస్తకం మీద గీతలు గీయొచ్చా?

పెన్సిల్‌తో గీయండి. రాని లెక్క పక్కన చుక్క, రెండోసారి కూడా రాకపోతే రెండో చుక్క. పరీక్షకు నెల ముందు పుస్తకమంతా తిరగేసే టైమ్ ఉండదు, చుక్కలున్నవే చేసుకుంటూ పోవచ్చు. ఓ ఏడాది గాజువాక నుంచి వచ్చే అమ్మాయి ఒకతె, పక్క వీధి అక్క ఇచ్చిన పాత పుస్తకం పట్టుకొచ్చింది. మూడు చుక్కలున్న లెక్క ఒకటి తాను మొదటిసారే చేసేసిందని, ఆ అక్కకు ఫోన్ చేసి చెప్పాలని క్లాసు అయ్యేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది.